సాయిబుకి హెరాల్డెందుకు?

"సాయిబుకి స్పోర్ట్స్ కారెందుకోయ్?"

డెస్కులో నా పక్క సీటు మిత్రుడు నవ్వుతూనే అడిగాడు. ఇరవయ్యేళ్ల స్నేహం మాది. మనసులో ఏమీ పెట్టుకుని అన్న మాట కాదని నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. పంక్చరు దుకాణంలో మేం ఉంటాం. మెకానిక్ షెడ్డులో ఉంటాం. ఆటో సీటు మీద ఉంటాం. ఎవరి కారు చెడిపోయినా ముందు గుర్తొచ్చేది మేమే. కార్లు బాగుచేసే వాళ్లుగా అందరికీ కనిపిస్తాం. కారు మీద మనసు పడే వాళ్లుగా మాత్రం ఎవరికీ కనిపించం. ఎందుకని?

మా అబ్బా డెంటర్. పద్నాలుగో ఏట నాంపల్లిలో ఒక షెడ్డులో సుత్తి పట్టుకున్నాడు. యాభై ఏళ్లు ఇతరుల కార్ల సొట్టలు తీశాడు. ఇంట్లో మాది ఉర్దూ. బడిలో నాది తెలుగు మీడియం. డిగ్రీలో చేరిన రోజు ఫారంలో 'తండ్రి వృత్తి' అన్న చోట నేను 'బిజినెస్' అని రాశాను. అబ్బాకి తెలుగు చదవడం రాదు. నేను చూపించిన చోట వేలిముద్రంత జాగ్రత్తగా ఉర్దూలో సంతకం చేశాడు. ఈ విషయం ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అబ్బా షెడ్డులోకి వచ్చిన కొత్తల్లో పట్నంలో స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు కనిపించసాగాయి. 1959లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టిన బండి అది. గీసిన మనిషి ఇటలీవాడు, జొవాన్ని మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. అంబాసిడర్, ఫియట్ ఎక్కువగా తిరిగే రోడ్ల మీద రెండు తలుపుల హెరాల్డ్ వస్తే జనం ఆగి చూసేవాళ్లట. బానెట్టు, రెండు ముందు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. ముందు టైరు మీద కూర్చుని ఇంజిను పని చేసుకోవచ్చు. "దీని తమ్ముడు విలాయత్‌లో రేసు బండి" అని అబ్బా చెప్పేవాడు. చిన్నప్పుడు గొప్పలనుకున్నాను. పెద్దయ్యాక చదివితే నిజమే. ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిగా చేసి, మికెలోట్టితోనే ఒళ్లు గీయించి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. 1980 దాకా అది నడిచింది.

ఎంజీలు, స్పిట్‌ఫైర్‌లు మన చేతికి అందేవి కావు. వాటి ధరలు వేరే లోకం. నా దగ్గర ఉన్నది పాలసీ తీరితే వచ్చిన రెండు లక్షలు. ఆ డబ్బుకి ఈ దేశంలో స్పోర్ట్స్ కారు వాసన తగిలే పాత బండి ఏదైనా ఉందంటే అది రెండు తలుపుల హెరాల్డే. దాని ఇంజిను 948 సీసీ. ఇప్పటి చిన్న కారు కూడా దాన్ని దాటిపోతుంది. ఫరవాలేదు. నాకు పరుగు కాదు కావలసింది. అబ్బా ఎన్ని హెరాల్డ్‌లకు ఒళ్లు సరిచేశాడో లెక్క లేదు. ఒక్కదాన్ని కూడా షెడ్డు గేటు దాటించలేదు. గేటు దాటితే బండి మాలిక్‌ది.

2023లో వెతకడం మొదలుపెట్టాను. అబ్బా దోస్తు ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. మేమంతా ఉస్తాద్ అంటాం. ఆయన మొదటి మాటే డబ్బు గురించి.

"దో లాఖ్ హై తో దో లాఖ్ కీ గాడీ నక్కో లే మియా. లాఖ్ కీ లే. బాకీ లాఖ్ ఉస్ కూ ఖిలానే కో రఖ్."

ఉన్న డబ్బంతా కొనడానికే పెడితే బండి ఇంటి ముందు తులసికోటలా కదలకుండా ఉంటుందని ఆయన భావం. బేరం అయ్యాకే అసలు ఖర్చు మొదలవుతుంది. బ్రేకులు, టైర్లు, వైరింగు, కాగితాలు.

మొదట చూసిన బండిని అమ్మేవాడు 'ఒరిజినల్ స్పోర్ట్స్ మోడల్' అన్నాడు. పైకప్పు లేదు. హెరాల్డ్ పైకప్పు బోల్టులతో బిగించేది, విప్పితే వస్తుంది. కానీ ఇక్కడ గ్యాసుతో కోసేశారు. తలుపులు మూస్తే ఒక పక్క వేలు దూరేంత సందు. ఉస్తాద్ చాసిస్ నంబరు పలక దగ్గర వంగి చూశాడు. పలక పాతది, దాన్ని పట్టుకున్న రివిట్లు కొత్తవి. ఆర్‌సి పుస్తకంలో నంబరు వేరు. "చలో" అన్నాడు. ఎంత చవగ్గా వచ్చినా కాగితం, చాసిస్ కలవని బండి బండి కాదు, కేసు. మా ఇంటిపేర్లతో అలాంటి కేసులో ఇరుక్కుంటే బయటపడడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది 1967 బండి. ఒక పాత కాలనీలో రిటైరైన పెద్దమనిషి ఇంట్లో ఉంది. ఆయన తండ్రి కొన్నది. ఫోన్‌లో పావుగంట మాట్లాడుకున్నాం. నా వృత్తి, నా పత్రిక, పాత సినిమాల దాకా వెళ్లింది మాట. పేరు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. గేటు దగ్గర చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"మీ తెలుగు వింటే అనుకోలేదండీ" అన్నాడు.

ఈ మెచ్చుకోలు నాకు కొత్త కాదు. నలభై ఏళ్లు దాటిన మనిషిని, తెలుగు రాసి పొట్టపోసుకునే మనిషిని, నా తెలుగు నాకు ఎక్కడిదో ప్రతిచోటా రసీదు చూపించాలి. అటు ముషాయిరాల్లో నా ఉర్దూ విని "తెలుగు మీడియం కదా, బాగానే మాట్లాడుతున్నావ్" అంటారు. రెండు భాషలూ నావే. ఏ భాష ఇంటికి వెళ్లినా నేను చుట్టాన్నే.

బండి చెట్టు కింద ఉంది. ఉస్తాద్ పని మొదలుపెట్టాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి క్లచ్ తొక్కమన్నాడు. తను ఇంజిను ముందున్న పుల్లీ చూశాడు. క్లచ్ తొక్కినప్పుడల్లా పుల్లీ ముందుకి జరిగితే లోపల క్రాంకు థ్రస్ట్ వాషర్లు అరిగిపోయినట్టు. అవి ఊడి పడితే ఇంజిను బ్లాకే పోతుంది. ఇది జరగలేదు. ముందు చక్రాల దగ్గర ట్రనియన్లు చూసి మొహం చిట్లించాడు. వాటికి గేర్ ఆయిల్ పోయాలి. తెలియనివాళ్లు గ్రీజు కొడతారు. గ్రీజు కొట్టిన బండికి ఏదో ఒక రోజు మలుపులో ముందు చక్రం విరిగి పక్కకి పడిపోతుంది. వెనక అడ్డ కమాను కుంగి ఉంది. వంపులో జోరుగా వెళుతూ ఒక్కసారి బ్రేకు వేస్తే హెరాల్డ్ వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుందని, ఆ సరదా నాకు వద్దని అక్కడే చెప్పాడు. కింద పడుకుని చాసిస్ పక్క చేతులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. ఎడమ పక్క రెండు చోట్ల తుప్పు. వెల్డింగుతో అయిపోతుంది.

అబ్బాకి డెబ్బై ఎనిమిది. చూపు బాగా తగ్గింది. ఆయన చేతులతో చూశాడు. బానెట్టు మీద నుంచి తలుపు దాకా అరచేయి ఆనించి మెల్లగా నడిచాడు. నేను గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకుని వెనకే వెళ్లాను. కుడి మడ్‌గార్డు మీద ఒకచోట అయస్కాంతం అంటుకోలేదు, జారిపోయింది.

"లప్పం పెట్టారు" అన్నాను, తెలిసినవాడిలా.

అబ్బా గోటితో కొట్టి విన్నాడు.

"లప్పం నై. రాంగా హై."

ఇప్పుడు సొట్ట సరిగ్గా తీయకుండానే పైన లప్పం పూసేస్తారు. అప్పట్లో సుత్తితో రేకును దాదాపు సమానం చేసి, మిగిలిన పలచని గుంటలో సీసం, తగరం కరిగించి నింపి, ఆకురాయితో నునుపు చేసేవాళ్లు. అది అయస్కాంతానికి అంటదు, కానీ యాభై ఏళ్లయినా పగలదు. పట్నంలో ఆ పని తెలిసినవాళ్లు తక్కువమందే అన్నాడు. "మీరు చేసిందేనా అబ్బా?" అని అడిగాను. చాలాసేపు చేయి తీయలేదు.

"అయుండొచ్చు. కాకపోవచ్చు. సంతకం పెట్టే పని కాదు కదా బేటా."

పెద్దమనిషి రెండు లక్షల యాభై వేలు అన్నాడు. ఆర్‌సి 2009లోనే తీరిపోయింది, రెన్యువల్ లేదు. ఆ మాట పట్టుకుని, తుప్పు చూపించి, రెండు వారాలు తిరిగి లక్షా పది వేలకు దింపాను. అప్పుడు ఆయన ఒక షరతు పెట్టాడు.

"పేరు మార్పిడి అయ్యాకే బండి కదలాలి. ఏమీ అనుకోకండి, రోజులు బాగాలేవు."

ఈ షరతు ఎవరికైనా పెడతాడేమో. నా పేరు విన్నాకే పెట్టాడేమో. నాకు తెలీదు, ఎప్పటికీ తెలియదు. దెబ్బ కన్నా ఈ తెలియకపోవడమే మమ్మల్ని ఎక్కువ తింటుంది. నా మొహం చూసి అబ్బా అన్నాడు: "ఆయన సహీ అన్నాడు. పహలే కాగజ్." నిజమే. పేరు మారకుండా బండి చేతులు మారితే అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇబ్బందే.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కైతే నంబరు పలక మీద 'వి.ఎ.' అక్షరాలు, ఫీజు 20,000. కానీ అలా రాయించుకుంటే ప్రదర్శనకో ర్యాలీకో తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. అద్దాల పెట్టెలో పెట్టుకోవడానికి కాదు నేను కొనేది. అందుకని మామూలు రెన్యువల్‌కే వెళ్లాం. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు పెరిగింది. దాని మీద ఆలస్యపు రుసుములు. ముందు ఆయన పేరు మీద ఫారం 25, తర్వాత 29, 30.

ఆ ఫారాల మీద సంతకాలు పెడుతూ పెద్దమనిషి యథాలాపంగా అడిగాడు. "నాన్నగారు ఏం చేసేవారు?"

అబ్బా పక్కనే నిలబడి ఉన్నాడు. 'బిజినెస్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది.

"డెంటర్ సార్. ఈ బండ్లకే సొట్టలు తీసేవాడు."

ఆయన కలం ఆపాడు. లోపలికి వెళ్లి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. అంతే. ధర తగ్గించలేదు, నేను అడగనూ లేదు. అబ్బా కూర్చున్నాడు.

మిగిలిన తొంభై వేలు, ఉస్తాద్ చెప్పినట్టే, బండి తినేసింది. రాణీగంజ్‌లో హెరాల్డ్ అంటే కుర్రాళ్లు మొహం చూశారు. కొన్ని సామాన్లు మద్రాసు పుదుపేట పాత సామాన్ల దుకాణాల నుంచి తెచ్చాం. స్పిట్‌ఫైర్ పుణ్యమా అని కొన్ని కొత్తవి ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. రంగు వేయడానికి డబ్బు మిగల్లేదు. వేయలేదు.

బండి మొదటిసారి రోడ్డెక్కిన రోజు అబ్బాని పక్కన కూర్చోబెట్టుకుని నాంపల్లి మీదుగా తీసుకెళ్లాను. ఆయన షెడ్డు ఉన్న చోట ఇప్పుడొక సెల్‌ఫోన్ల దుకాణం. అక్కడ ఆపనా అని అడిగాను. "నక్కో, చలాతే రహ్" అన్నాడు. కాసేపాగి, మూడో గేరులో వేయాల్సిన చోట నాలుగులో వేశావని తిట్టాడు.

మొన్న మా అమ్మాయి కాలేజీ ఫారం నింపాను. తండ్రి వృత్తి అడిగారు, జర్నలిస్ట్ అని రాశాను. తాత వృత్తి ఏ ఫారంలోనూ అడగరు. మా అమ్మాయికి మాత్రం తెలుసు. ఇంటి ముందున్న బండి ఎవరిదని స్నేహితులు అడిగితే, 'దాదా డెంటర్, అందుకని కొన్నాం' అని చెబుతోందట. తడుముకోకుండా చెబుతోందట.

సాయిబుకి స్పోర్ట్స్ కారెందుకని అడిగిన మిత్రుడికి నేనింకా జవాబు చెప్పలేదు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఓ చుట్టు తిప్పుతాను.