ముద్రణశాల కటకం

లోకాన్ని చిత్రించడానికి పుట్టిన కటకాలు వేరు. చిత్రాన్ని అచ్చుకు సిద్ధం చేయడానికి పుట్టిన కటకాలు వేరు. ఈ రెండవ జాతిని ప్రాసెస్ లెన్సులంటారు. స్కానర్లు రాకముందు ఆఫ్‌సెట్ ముద్రణశాలల్లో ఒక చీకటిగది, దానిలో పెద్ద ప్రాసెస్ కెమెరా ఉండేవి. పుస్తకం ముఖచిత్రమైనా, సినిమా గోడపత్రికైనా, క్యాలెండరులోని దేవుని పటమైనా ఆ కెమెరా ముందు నిలిచిన తరువాతనే అచ్చుకెక్కేది.

కంప్యూటర్లు వచ్చాక ఆ కెమెరాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. విజయవాడలో మూతపడిన ఒక ముద్రణశాల నుండి అటువంటి కటకమొకటి నా చేతికి వచ్చింది. అది జర్మనీ దేశపు రోడెన్‌స్టాక్ సంస్థ చేసిన అపో-రోనార్. నాభ్యంతరం 360 మిల్లీమీటర్లు. దానిని నాకు ఇచ్చినవారు అక్కడ చిరకాలం కెమెరా ఆపరేటరుగా పనిచేసిన పెద్దాయన. చేతిలో విద్య ఉండగానే ఆ విద్యకు కొలువు పోయింది. చివరి సంవత్సరాలు ఆయన బైండింగు విభాగంలో కాగితాలు మడుస్తూ గడిపారు.

"పాత క్యాలెండర్లలో అమ్మవారి పెదవి ఎరుపు చెంప మీదికి జరిగి ఉండడం చూశావా బాబూ?" అని ఆయన ఒకనాడు అడిగారు. "ఆ తప్పు అచ్చుయంత్రం దగ్గర జరగవచ్చు. నా కెమెరా దగ్గర జరగరాదు."

ఆ మాటలోనే ఈ కటకం రహస్యమంతా ఉంది. రంగుల బొమ్మను అచ్చువేయాలంటే దానిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫిల్ముమీదికి ఎక్కించాలి. సాధారణ కటకం ఒక్కొక్క రంగును ఒక్కొక్క దూరంలో కేంద్రీకరిస్తుంది. అప్పుడు ఆ ఫిల్ములపై బొమ్మ కొలతల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా, అచ్చులో రంగులు ఒకదానిపై ఒకటి కుదురుకోవు. ప్రాసెస్ కటకం మూడు రంగులనూ ఒకే తలం మీదికి చేరుస్తుంది. బల్లపరుపు కాగితాన్ని అంచుల దాకా వంకర లేకుండా చూపుతుంది.

అయితే దీనికి వేగం లేదు. ద్వారం పూర్తిగా తెరిచినా ఎఫ్/9 మాత్రమే. షట్టరు అసలే లేదు. మూత తీయడం, లెక్కపెట్టడం, మూత పెట్టడం, అంతే! పైగా ఇది దగ్గరి వస్తువును అదే కొలతలో చూపడానికి లెక్కకట్టినది. అప్పుడు బొమ్మ 720 మిల్లీమీటర్ల దూరంలో ముందుంటే, ఫిల్ము అంతే దూరంలో వెనుక ఉంటుంది. ఇటువంటిది కొండలను, నదులను ఏం చూడగలదని కొందరు మిత్రులు పెదవి విరిచారు. పరీక్షించకుండానే తీర్పు చెప్పేవారు ప్రతి కళలోనూ ఉంటారు.

4×5 అంగుళాల ఫిల్ము కెమెరాకు దానిని బిగించి, ఒక తెల్లవారుజామున సీతానగరం ఒడ్డున నిలిచాను. ఎదుట కృష్ణ, ఆవలి గట్టున ఇంద్రకీలాద్రి. ద్వారాన్ని ఎఫ్/22కు తగ్గించి, మూత తీసి ఒక సెకను ఆగాను. ఆ ఫిల్ములో కొండబండల పగుళ్లు సైతం లెక్కకు వచ్చాయి. ఇందులో వింత లేదు. ద్వారానికి ఇరువైపులా గాజుముక్కలు ఒకే తీరుగా అమరి ఉండడం వల్ల, దూరం మారినా దోషాలు అంతగా పెరగవు; మిగిలిన కొద్దిపాటి దోషాన్ని చిన్న ద్వారం అణచివేస్తుంది.

తరువాత పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎందరి ముఖచిత్రాలనో నకలు తీసిన ఆ కటకం ముందు ఆయన ఎన్నడూ కూర్చోలేదట. వసారా నీడలో రెండు సెకన్లు కదలకుండా ఉండాలన్నాను. "లెక్క నేను పెడతాను" అన్నారు అలవాటుగా. పెదవులు కదులుతాయి కదా అనేసరికి ఇద్దరమూ నవ్వుకున్నాం.

వారం తరువాత పటం తీసుకువెళ్లి చేతికిచ్చాను. ఆయన లోపలికి వెళ్లి భూతద్దం తెచ్చుకున్నారు. ముందు నాలుగు మూలలూ పరిశీలించారు. ఆ తరువాతనే తన ముఖం చూసుకున్నారు.