గాలిబండ మీద ఒక రాత్రి

మదనపల్లె మీదుగా ప్రయాణము చేసినవారిలో అనేకులు హార్స్లీ కొండలను బస్సు కిటికీలో నుండి చూచి ఉంటారు. కొండ ఎక్కినవారు కూడ సామాన్యముగా పగటిపూట ఎక్కి, నీలగిరి చెట్ల నీడన తెచ్చుకొన్న అన్నము తిని, పొద్దు గూకక మునుపే దిగిపోతారు. ఆ కొండ రాత్రివేళ ఏమి చూపిస్తుందో ఎరిగినవారు తక్కువ. 2023 డిసెంబరు 14వ తేదీ రాత్రి మా సంఘములోని ఏడు కుటుంబాలతో కలిసి మేము అక్కడ తెల్లవారేవరకు మేలుకొని ఉన్నాము. చూడబోయినది ఉల్కల వాన. ఆ సంగతి, ఆ రాత్రి మా మధ్య వచ్చిన ఒక మాట, ఈ పత్రిక చదివే పల్లె కుటుంబాలకు ఉపయోగపడుతుందని తలచి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

ఈ ప్రయాణానికి మమ్మును పురికొల్పినది మా సంఘస్థురాలు, హైస్కూలులో సైన్సు చెప్పి రిటైరైన టీచరమ్మగారు. నవంబరు నెలలో ఒక ఆదివారము కూడిక అయిన తరువాత ఆమె మాతో, "అయ్యగారూ, ఆగస్టులో కూడా ఉల్కలు బాగా రాలుతాయి గాని అప్పుడు మనకు మబ్బులు. డిసెంబరు నడుమకు వానలు వెనుకబడతాయి. ఈ ఏడు అమావాస్య వెళ్ళిన రెండు రోజులకే ఆ రాత్రి వస్తుంది. చంద్రుడు అడ్డము రాడు. పిల్లలకు చూపిద్దాము" అన్నారు. యౌవనస్థులు వెంటనే పేర్లు ఇచ్చారు. పెద్దవారు చలికి జంకారు. తుదకు పిల్లలతో కలిపి ఇరవైమందిమి తేలాము. ఒక అద్దె జీపు, టమోటాలు మార్కెట్టుకు తోలే ఒక ట్రాలీ ఆటో కుదుర్చుకొన్నాము. రగ్గులు, గోనెపట్టలు, చాపలు, ఉడకేసిన చెనక్కాయలు, చిత్రాన్నము, ప్లాస్కుల్లో టీ సర్దుకొన్నాము.

మాతో వచ్చినవారిలో ఒక అవ్వ ఉన్నది. ఆమె కొడుకు అంతకు ముందు సంవత్సరము చీకటితో టమోటా తోటకు నీళ్ళు కట్టబోయి పాము కాటుకు చనిపోయాడు. పదేళ్ళ మనుమడు వస్తానని పట్టుబట్టినందున, వాణ్ణి ఒంటరిగా పంపలేక ఆమె కూడ బయలుదేరింది. ఆటో ఎక్కుతూ, "చుక్కలు రాలేది చూడబోయేది ఏం సంబరమయ్యా? చుక్క రాలితే ఎవరికో కాలం తీరినట్టు గదా!" అన్నది. మేము అప్పుడు నవ్వి ఊరకున్నాము.

మదనపల్లె నుండి బి. కొత్తకోట వైపు సుమారు 30 కిలోమీటర్లు పోతే హార్స్లీ కొండ వస్తుంది. చివరి భాగమంతా మలుపుల ఘాటు రోడ్డు. ఎక్కేకొద్దీ గాలి చల్లబడి చెవులు గుయ్యిమంటాయి. కొండ ఎత్తు సముద్రమట్టము నుండి 4,000 అడుగుల పైచిలుకు. దీనికి పూర్వపు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే బిడ్డ కథను ఇక్కడివారు ఇప్పటికీ చెప్పుకొంటారు. 19వ శతాబ్దములో కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర ఎండాకాలము గడపడానికి ఇక్కడ ఇల్లు కట్టుకొన్నందున ఆయన పేరు కొండకు నిలిచింది.

కొండ అంచున గాలిబండ అనే పెద్ద ఏటవాలు రాతిబండ ఉన్నది. పేరుకు తగినట్టే అక్కడ గాలి నిలువదు. కొండమీద కాపలా ఉన్నవారితో ముందుగానే మాట్లాడి అనుమతి తీసుకొని, అంచుకు చాల వెనుకగా, గాలి కాస్త మరుగైన చోట చాపలు పరచుకొన్నాము. పిల్లలను నడుమ పడుకోబెట్టి పెద్దవారము చుట్టూ కూర్చున్నాము. దిగువన పల్లెల దీపాలు అక్కడక్కడ మిణుకుమంటున్నాయి. పైన చూస్తే, మా ఊరిలో వీధి దీపాలు పడిన తరువాత మేము మరచిపోయిన ఆకాశము! పిల్లలకోడిని చూపి టీచరమ్మగారు పిల్లల చేత చుక్కలు లెక్కపెట్టించారు. నడినెత్తికి దగ్గరగా గురుగ్రహము దీపములా వెలుగుతున్నది.

ఆమె మొదట సెల్‌ఫోన్లన్నీ సంచిలో వేయించారు. "చీకటికి కన్ను అలవాటుపడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోను వెలుగు చూస్తే ఆ కష్టమంతా పోతుంది" అన్నారు. టార్చికి ఎర్రగుడ్డ చుట్టారు. ఒక ఖాళీ డబ్బా, గుప్పెడు గుప్పెడుగా చింతగింజలు పిల్లలకిచ్చి, ఉల్క రాలినప్పుడెల్ల ఒక గింజ డబ్బాలో వేయమన్నారు. దుర్భిణి అక్కరలేదు. వెల్లకిల పడుకొని ఆకాశమును వీలైనంత విశాలముగా చూడడమే పని.

మొదటిది తొమ్మిదిన్నర ప్రాంతములో తూర్పు నుండి లేచి మా తలల మీదుగా మెల్లగా సాగి ఆరిపోయింది. పిల్లలందరు ఒక్కటే కేక. పది నుండి పదకొండు వరకు 19 గింజలు. పదకొండు నుండి పన్నెండు వరకు 38. ఒంటిగంట నుండి రెండు వరకు 71. కొన్ని సన్నని గీతలు. కొన్ని మాత్రము పసుపుపచ్చగా, మా నీడలు బండమీద పడ్డాయేమో అనిపించేటంత వెలుగుతో పోయాయి. లెక్క ఎందుకు పెరుగుతున్నదో టీచరమ్మగారు వివరించారు. ఈ ఉల్కలు మిథునరాశి వైపు నుండి వస్తున్నట్లు కనబడతాయి. మనము పునర్వసు నక్షత్రముగా ఎరిగిన జంట చుక్కల దగ్గరి చోటు అది. ఆ చోటు సాయంత్రము తూర్పున ఉదయించి రాత్రి రెండు గంటల ప్రాంతములో బాగా పైకి వస్తుంది. అది పైకి వచ్చేకొద్దీ మనకు కనబడే ఉల్కలు ఎక్కువవుతాయి.

ఇంతకు ఇవి ఏమిటి? ఫేథాన్ అనే గ్రహశకలము ఒకటి ఉన్నది. 1983లో ఒక ఉపగ్రహము తీసిన చిత్రాలలో అది బయటపడింది. అడ్డము సుమారు 5 కిలోమీటర్లు. సుమారు 524 రోజులకు ఒకసారి సూర్యుని చుట్టి వస్తుంది. ఆ దారి పొడుగునా అది విడిచిన ధూళి, రాతిపొడి పరచుకొని ఉన్నది. భూమి ప్రతి డిసెంబరు నడుమ ఆ ధూళిదారిని దాటుతుంది. ఇసుక రేణువంత, మహా అయితే బఠాణి గింజంత ఉండే ఆ ముక్కలు సెకనుకు 35 కిలోమీటర్ల వేగముతో మన గాలిలోనికి దూసుకొనివచ్చి, నూరు కిలోమీటర్లకు కాస్త అటు ఇటు ఎత్తుననే మండిపోతాయి. మదనపల్లె నుండి కొండ చేరడానికి మాకు గంట పట్టింది. ఆ దూరము ఉల్కకు ఒక సెకను పని.

రెండు గంటలకు డబ్బా కుమ్మరించి లెక్కించితే 173 గింజలు తేలాయి. అంతవరకు రగ్గులో ముడుచుకొని మాట్లాడక కూర్చున్న అవ్వ అప్పుడు నోరు తెరిచింది.

"ఈ పొద్దు ఇన్ని సావులా అయ్యా?"

యౌవనస్థులు కొందరు నవ్వబోతే టీచరమ్మగారు వారించి, ఒక సంగతి చెప్పారు. 1833 నవంబరు 13న తెల్లవారకముందు అమెరికాలో గంటకు వేలకొలదిగా ఉల్కలు రాలాయి. జనులు లోకాంతము వచ్చినదనుకొని వీధులలో మోకరించి ఏడ్చారు. తెల్లవారింది. మరుసటి రాత్రి చూస్తే చుక్కలన్నీ ఎక్కడివక్కడనే ఉన్నాయి. ఒక్కటి కూడ తగ్గలేదు. యేల్ కళాశాలలో ఆచార్యుడైన డెనిసన్ ఓల్మ్‌స్టెడ్ చూచినవారి నుండి వివరాలు సేకరించి, ఆ ఉల్కలన్నీ సింహరాశిలోని ఒకే చోటు నుండి వచ్చినట్లు కనబడ్డాయని, అవి భూమి వెలుపలి నుండి వస్తున్నాయని వ్రాశాడు. ఉల్కలను శాస్త్రముగా పరిశీలించడము అక్కడ నుండి ఊపందుకొన్నది. "అవ్వా, రాలేవి చుక్కలు కావు. చుక్క ఒక్కటి రాలితే ఈ భూమే మిగలదు" అన్నారు టీచరమ్మగారు.

అవ్వ చాలసేపు ఆకాశమును చూచింది. మనుమడు ఆమె ఒడిలో నిద్రపోయాడు. తరువాత మా వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నది:

"నా కొడుకు పొయ్యే ముందు రాత్రి నేను చూసినానయ్యా. వాకిట్లో మంచమేసుకొని పడుకోనుండా. మా ఇంటి మీదనే చుక్క తెగి పడింది. చెప్తే కీడని నోరు మూసుకున్నా. తెల్లారి వాణ్ణి తోటకాడికి పోవద్దురా అని ఒక్క మాట అనుంటే ఉండిపోయేవాడేమో. ఈ మాట ఎవరితోనూ అన్లేదు. వాని పెండ్లాంతో కూడా."

ఎన్నో మరణపు ఇళ్ళలో మాట్లాడినవారమే అయినా మాకు వెంటనే మాట రాలేదు. ఒకటిన్నర సంవత్సరముగా ఆమె ప్రతి ఆదివారము మా ఎదుటనే కూర్చున్నది. పొద్దు గూకగానే మనుమణ్ణి లోపల పెట్టి తలుపు వేసుకొనేదని ఊరివారు వింతగా చెప్పుకొనేవారు. ఎందుకో ఆ రాత్రి తెలిసింది.

మేము చింతగింజల డబ్బా ఆమె చేతిలో పెట్టి ఇట్లా చెప్పాము: "అవ్వా, మన ఊరు అరవై గడప. ఈ రాత్రి ఇక్కడ కూర్చొని మనము చూచినవే 173. మనకు కనబడనివి, లోకమంతటా రాలేవి లెక్కకు అందవు. పగలు కూడ రాలుతూనే ఉంటాయి, ఎండలో మనకు తెలియదు. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రము ఉన్నది. అక్కడి రాడారు పగలైనా, మబ్బులున్నా వాటి జాడ పట్టగలదు. రోజుకు పదుల టన్నుల ధూళి భూమి మీదికి వస్తుందని చదువుకొన్నవారు చెబుతున్నారు. నీవు ఆ రాత్రి చూచినది కూడ అటువంటి ఒక్క రేణువు. అది నూరు కిలోమీటర్ల ఎత్తున కాలిపోయింది. నీకు నీ ఇంటి మీద పడినట్టు కనబడింది. అదే క్షణములో అనంతపురములో ఎవరైనా చూచి ఉంటే వారికీ వారి ఇంటి మీదనే పడినట్టు కనబడి ఉంటుంది. అది నీకు వచ్చిన కబురు కాదు."

"అట్లయితే నేను చెప్పకపోయినందుకు పోలేదా వాడు?"

"లేదవ్వా. పాము తోటలో ఉన్నది, చుక్కలో లేదు."

ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చింది. టీచరమ్మగారు ప్రక్కకు వచ్చి కూర్చొని ఆమె చేయి పట్టుకొన్నారు. మేము ఇంకేమియు చెప్పలేదు. కొంతసేపటికి ఉత్తరము వైపు ఒక పెద్ద ఉల్క దీర్ఘముగా సాగింది. పిల్లలందరు అప్పటికి నిద్రలో ఉన్నారు. అవ్వ తానే ఒక చింతగింజ తీసి డబ్బాలో వేసింది.

నాలుగు గంటలకు తూర్పున వేగుచుక్క పైకి వచ్చింది. చలికి పండ్లు కొట్టుకొంటుండగా మిగిలిన టీ పంచుకొని త్రాగి, వెలుగు రాగానే కొండ దిగాము. మదనపల్లె మార్కెట్టులో అప్పటికే టమోటా బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వారములోనే అవ్వ తన కోడలికి ఆ మాట చెప్పిందని తరువాత విన్నాము. వారిద్దరి మధ్య ఏమి జరిగినదో మేము అడుగలేదు. ఇప్పుడు ఆ ఇంటి తలుపు సాయంత్రము తీసే ఉంటుంది.

ప్రియ చదువరులారా, ఈ ఉల్కల వానను చూడడానికి మీరు కొండ ఎక్కనక్కరలేదు. ప్రతి సంవత్సరము డిసెంబరు 13, 14 తేదీలలో రాత్రి పది దాటిన తరువాత, వీధి దీపాలకు దూరముగా కళ్ళము దగ్గరనో, చెరువుకట్ట మీదనో, మిద్దె మీదనో చాప వేసుకొంటే చాలును. 2024లో వలె పౌర్ణమి దగ్గరపడిన సంవత్సరములో వెన్నెలకు చాలా ఉల్కలు మరుగైపోతాయి గనుక, ముందుగా క్యాలెండరు చూచుకొనండి. కంటికి ఏ హానియు లేదు. చలికి దుప్పటి, ఓపిక ఉంటే సరిపోతుంది.

మరొక మాట. చీకటిలో పొలమునకు పోయే ప్రతివారికి చేతిలో టార్చి, కాళ్ళకు బూట్లు ఉండేటట్లు ఇంటివారు చూడాలి. పాము కాటు వేస్తే మంత్రమని, నాటుమందని తిరుగుతూ కాలము జాగుచేయక, తిన్నగా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. చుక్కలను చూచి భయపడడములో పోయే కాలమును ఈ జాగ్రత్తల మీద పెడితే ప్రాణాలు నిలుస్తాయి.

చాప వేసినప్పుడు మీ ఇంట్లోని ముసలివారిని కూడ పిలవండి. పిల్లలు గింజలు లెక్కపెట్టుతుండగా, వారు చిన్ననాట రాలిన చుక్కలను గూర్చి ఏమి విన్నారో, ఎప్పుడు చూచారో మెల్లగా అడగండి. వారు చెప్పేది పూర్తి అయ్యేవరకు వినండి.