గొట్టంలో సరస్సు

తడ దగ్గర భీములవారిపాలెం రేవులో నీటిమట్టం కొలవడానికి ఒక సెన్సర్ పెట్టాను. సెకనుకొక అంకె. మొదటి రోజు గ్రాఫ్ చూస్తే నాలుగు రోజులుగా గీసుకోని గడ్డంలా ఉంది. గాలికి లేచే అలలు, పడవలు రేపే కదలికలు అన్నీ అందులోనే. నాకు కావలసింది ఆటుపోటు. దాదాపు 12 గంటల 25 నిమిషాలకొకసారి నింపాదిగా లేచి దిగేది.

చదువుకున్నవాణ్ణి కదా, పుస్తకం తీశాను. 1930లో బటర్‌వర్త్ చెప్పిన అనలాగ్ ఫిల్టర్ నాలుగో ఆర్డర్‌లో తీసుకుని, బైలీనియర్ పద్ధతిలో డిజిటల్‌కి మార్చాను. రెండున్నర గంటలకన్నా వేగంగా ఊగేదేదీ రాకుండా కట్టడి చేశాను. గీత నున్నగా వచ్చింది. కానీ పోటు గంట ఆలస్యంగా కనబడుతోంది.

నాయన చూసి, "నీ గీత చెప్పేతలికి నీళ్ళు వెనక్కి తిరిగుంటాయి గదరా" అన్నాడు.

మర్నాడు ఆయనే ఒక పీవీసీ గొట్టం తెచ్చాడు. అడుగున మూత బిగించి, మూతకి చిన్న బెజ్జం పెట్టి నీళ్ళలో నిలబెట్టాడు. బయట అలలు కొడుతున్నా లోపల నీళ్ళు కదల్లేదు. పోటుకి మాత్రం మెల్లగా లేచాయి. బెజ్జం రెసిస్టర్, గొట్టం కెపాసిటర్. (నిజానికి బెజ్జంలో ప్రవాహం ఓమ్ సూత్రమంత సరళం కాదు. మన పనికి చాలు.)

వారానికే బెజ్జానికి బురద పట్టింది. అప్పుడు ఆ గొట్టాన్ని కోడ్‌లోకి ఎక్కించాను. 300 సెకన్ల టైమ్ కాన్‌స్టెంట్ అనుకుంటే ఒకే లైను: కొలిచిన అంకెలోంచి పాత ఫలితాన్ని తీసేసి, ఆ తేడాలో 301వ వంతు పాత ఫలితానికి కలపడం. మూడు సెకన్ల అల దాదాపు ఐదువందల ఇరవయ్యో వంతుకి అణిగిపోతుంది. పోటు దాదాపు చెక్కుచెదరదు, ఐదు నిమిషాలు ఆలస్యం, అంతే. సెకనుకొకసారి కొలిచేటప్పుడు ఇంత నెమ్మది ఫిల్టర్‌కి బైలీనియర్ హంగామా అక్కర్లేదు. ఆ సంగతి ముందే తట్టి ఉంటే ఒక రాత్రి నిద్ర దక్కేది.

నాయన ఆ పూడిన మూతని చేతిలో తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

"రాయదొరువు కాడ ఇదే గదరా జరిగింది. ఇసక మేటేసి ముఖద్వారం మూసుకుపోయె. పోటు రాకపోతే రొయ్య పిల్ల యాడొస్తాది?"

గొట్టం ఈయన చేతికి ఎలా తట్టిందో అప్పుడు అర్థమైంది. మూత పూడితే టైమ్ కాన్‌స్టెంట్ పెరుగుతుందని, అది పెరిగేకొద్దీ పోటు కూడా అలలాగే అణిగిపోతుందని చెప్పాను. ఆయన స్క్రీన్ మీద ఆ ఒక్క లైను కేసి వేలు చూపించాడు.

"ఇక్కడ ఆ మూడొందల ఒకటిని టక్కున మార్చేస్తావు. అక్కడ ఎవుర్ని అడగాల?"