గాలిదారి, చుట్టుదారి

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి గాలిదారి సుమారు 1,260 కిలోమీటర్లు. రెండూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. పటం మీద స్కేలుబద్ద పెట్టి గీస్తే అదే విమానం దారి. రైలు అట్లా పోదు. ఆగ్రా, ఝాన్సీ, భోపాల్, నాగ్‌పూర్, కాజీపేట తిరుక్కుంటూ 1,670 కిలోమీటర్ల దాకా పట్టాలు తొక్కుతుంది. ఒకప్పటి ఏ.పి. ఎక్స్‌ప్రెస్, 2014 నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్. ఒక పగలూ ఒక రాత్రీ పోయినంక కూడా ఇంకా రైల్లోనే ఉంటాం. విమానం రెండుంబావు గంటలు. అందులో నేల మీద దొర్లడం, ఎక్కడం, దిగడం కూడా కలిపే టికెట్టు మీద టైము వేస్తారు.

మా నాయన ఈ లెక్క మెచ్చేవాడు. ఆయన ఏనాడూ దూరాన్ని మైళ్ళతో చెప్పలేదు. "రెండు చుట్టల దూరం", "పొద్దు నెత్తికొచ్చే దూరం" అనేవాడు. కుట్టిన చెప్పులు భుజానేసుకుని ఊరూరా నడిచినోడికి దూరమంటే కాళ్ళకు పట్టే టైమే.

2011 వానాకాలంలో ఒకరోజు తెల్లారుజామున తమ్ముడు ఫోన్ చేసిండు. "నాయన పోయిండన్నా. నువ్వొచ్చేదాంక ఎత్తేది లేదంటుంది అవ్వ." నేను అప్పుడు ఢిల్లీలో గుమాస్తాని. ఆఫీసులో నలుగురు తలా ఇంత అప్పిస్తే టికెట్టు కొన్నా. మా మాదిగవాడలో విమానం ఎక్కిన మొదటివాణ్ణి నేనే. పైనుంచి చూస్తే ఏది ఊరో ఏది వాడో తెలవలేదు.

శంషాబాద్‌లో దిగి, బస్సులు మారి, నల్లగొండ జిల్లాలోని మా ఊరు చేరడానికి మరో ఐదు గంటలు. దూరం అక్కడితో అయిపోలేదు. వాడ నుంచి మా బొందలగడ్డకు సూటిగా పోతే ఫర్లాంగున్నర. మధ్యలో దొరోళ్ళ భూమి. మా తాతల శవాలు అందులోని బాటనే పోయినయట. బోరు పడి, చెలక బత్తాయితోట అయినంక కంచె పడ్డది. ఊరి బజారున పోదామంటే బొడ్రాయి ముందు నుంచి మా పీనుగ పోగూడదు. ఊళ్ళో ఎవరు చచ్చినా డప్పు కొట్టుకుంటూ ముందు నడిచింది మాత్రం మా నాయనే. అందుకని చెరువు కట్టెక్కి, అలుగు దాటి, వాగు వెంబడి తిరిగి పోవాలె. రెండు మైళ్ళు. ఆరోజు అలుగు పారుతోంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో పాడె జారకుండా నలుగురం కాదు, ఎనిమిదిమందిమి పట్టుకున్నాం. రెండు గంటలు దాటింది. నేను ఢిల్లీ నుంచి ఎగిరొచ్చినంత సేపు. దూరాలు చెరిగిపోయినయని ఉపన్యాసాలు చెప్పేటోళ్ళు మా అలుగు ఒకసారి దాటి చూడాలె.

దినాలైనంక గ్రామ నక్షా నకలు తీయించిన. ఆ బాట అందులో చుక్కల గీతగా ఉంది, కంచె వేసిన సర్వే నంబరులోంచే పోతుంది. మండలాఫీసులో దరఖాస్తు పెట్టినం. కొలతలకు తేదీ వేశారు, మార్చారు, మళ్ళీ వేశారు. రెండేళ్ళకు సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి కొలిచి, బాట ఉన్నమాట నిజమేనన్నడు. కంచె తియ్యడానికి వేరే ఆర్డరు కావాలన్నడు.

2019లో అవ్వ పోయింది. అప్పటికి నేను ఇక్కడికే బదిలీ అయి వచ్చిన, విమానం అవసరం పడలేదు. అవ్వనుగూడ అలుగు దాటించే తీసుకుపోయినం. ఎండాకాలం గనుక గంటంబావు పట్టింది.