పడవకి పైపూత: నేను ఏది వేశాను, ఎందుకు వేశాను



గోదావరి లంకల్లో పొలాలున్నవాళ్ళకి పడవ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గడ్డిమోపులు, పాలక్యాన్లు, అరటిగెలలు, బడికెళ్ళే పిల్లలు, అన్నీ దాంట్లోనే. మా పాత ఇల్లు విప్పగా మిగిలిన టేకు దూలాలు కోయించి ఈ వేసవిలో 14 అడుగుల చిన్న పడవ ఇంటి దగ్గరే కట్టుకున్నాం. కట్టడం ఒక ఎత్తు, పైపూత ఏది వెయ్యాలన్నది ఒక ఎత్తు అయ్యింది. పదిమంది పది రకాలు చెప్పారు. ఎర్రనీరు వచ్చేలోపు పడవ దింపాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చూడండి. పలకలతో కట్టిన పడవ కదుల్తా ఉంటుంది. నీళ్ళలో ఉంటే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. మే నెలలో ఇసుక మీద బోర్లిస్తే ఎండి ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. సందుల్లో నూలు పేని ఉలితో దట్టించి, గుగ్గిలం నూనెలో కాచిన ముద్ద పెట్టేది అందుకే, అది చెక్కతోపాటే సర్దుకుంటుంది. పైన వేసే పూత కూడా అలా సర్దుకునేదే అయ్యుండాలి. మా నాన్నగారి తాటిదోనెకి ఏ పూతా లేదులెండి. ఉన్నన్నాళ్ళు ఉండేది, పోతే ఇంకో తాడిచెట్టు. ఇప్పుడు ముదురు తాళ్ళూ లేవు, తొలిచేవాళ్ళూ లేరు.

మా తమ్ముడి కొడుకు ఫైబరు వేయించమని పట్టుబట్టాడు. "పెదనాన్నా, ఒక్కసారి డబ్బు పెడితే మళ్ళీ చూడక్కర్లేదు, ఏటా ఈ జిడ్డు గోల ఎందుకు" అంటాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. ప్లైవుడ్డుతో కట్టి, లోపలా బయటా అంచులతో సహా రెజిన్‌తో మూసేస్తే ఫైబరు బాగానే నిలుస్తుంది. ఎపాక్సీ అయితే ఎండకి పాడవకుండా పైన రంగో వార్నిషో ఉండాలి. మనది పలకల పడవ. బయట గట్టి తొడుగు వేస్తే లోపల చెక్క కదలడం మానదు, సందు దగ్గరే పగులుద్ది. ఇంకో చిక్కు, వాన నీళ్ళు, తడిగడ్డి నీళ్ళు లోపలినుంచి చెక్కకి పడతాయి. బయట తొడుగు ఉంటే ఆ తేమ బయటికి పోలేదు. పైకి నున్నగా కనపడుతూనే లోపల చెక్క పుచ్చిపోతుంది. నడి గోదాట్లో తెలిస్తే ఏం లాభం? పైగా టేకులో సహజంగా జిడ్డు ఉంటుంది, థిన్నరుతో బాగా తుడవకపోతే రెజినూ పట్టదు, వార్నిషూ పట్టదు.

సోఫాలకి వేసే వార్నిష్ మన ఎండకి పొరలుగా లేచిపోతుంది. పడవల వార్నిష్ మంచిదే గానీ అదీ ఏటా గీకి వెయ్యాల్సిందే. తారు చవక, నీళ్ళని ఆపుతుంది. కానీ ఎండలో సెగలు కక్కుతుంది, ఒంటికి అంటితే మంట, గేదె నాకిందంటే ఇంకో తలనొప్పి. గడ్డి మోసే పడవకి తారు నాకు నచ్చలేదు.

చివరికి బయటివైపు జీడిపిక్కల తొక్కల నూనె వేశాను. పలాస వైపు జీడిపప్పు మిల్లుల్లో తొక్కలనుంచి తీస్తారు. వెనకటినుంచీ వేట పడవలకి వాడుతున్నదే. చెక్కలోకి ఇంకి, నాలుగైదు రోజులకి ఎర్రటి నలుపులో గట్టిపడుతుంది. పురుగునీ కొంత ఆపుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునీళ్ళలో చెక్క తొలిచే పురుగు ఉంటుంది. పైన మన మంచినీళ్ళలో దాని బెడద లేదు, ఇక్కడ శత్రువు పుచ్చు.

జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. పచ్చి జీడినూనె ఒంటిమీద పడితే బొబ్బలే. చేతులకి రబ్బరు తొడుగులు, పైన నిండుచేతుల చొక్కా ఉండాలి. కాచేటప్పుడు నురుగు పొంగుతుంది, గిన్నెలో సగానికి మించి పొయ్యకండి. ఆరుబయటే కాచండి, పొగ గాలివాటానికి మీవైపు రాకుండా చూసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. చెక్క ఎండి ఉండాలి, తడిమీద వేస్తే ఊడొస్తుంది. పల్చగా మూడు పూతలు, ఒక్కోటి ఆరాకే ఇంకోటి.

లోపల జీడినూనె వెయ్యలేదు. అవిసెనూనెలో టర్పెంటైన్ కలిపి రెండు పల్చటి పూతలు ఇచ్చానంతే. నున్నటి పూతైతే తడికాళ్ళతో జారతాం. పాలక్యాను పట్టుకుని ఎక్కే ఆడవాళ్ళకి, సంచీ భుజాన వేసుకుని దూకే పిల్లలకి కాలు నిలవాలి. నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపించింది. అవిసెనూనె తుడిచిన గుడ్డలు మాత్రం కుప్పగా పడెయ్యకండి. దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్ళలో ముంచి, విడివిడిగా ఆరెయ్యండి. గడ్డివాము పక్కన అసలే వద్దు.

మావాడికి ఇంకా సమాధానం లేదు. ప్లైవుడ్డు పడవ కట్టిన రోజున ఫైబరు నువ్వే వేద్దువుగానిలే అన్నాను.

దూలాల చెక్క ఏళ్ళ తరబడి ఎండినది కాబట్టి, దింపిన మొదటి రెండ్రోజులు నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. కంగారుపడి పైన ఇంకేదో పుయ్యకండి. ఒడ్డుదగ్గర లోతు లేనిచోట కట్టేసి, లోపలకూడా కొన్ని నీళ్ళు పోసి ఉంచండి. చెక్క ఉబ్బి సందులు కుదురుకున్నాక తోడేసి, ముందు గడ్డిమోపులతో రెండు రేవులు తిప్పి చూడండి. మనుషుల్ని ఆ తర్వాతే ఎక్కించండి.