టొరంటోలో క్రీ యోధుల సాము

టొరంటో వెళ్ళే మనవాళ్ళు ఆకాశాన్నంటే సి.ఎన్. టవరూ, పనిలో పనిగా నయాగరా చూసి తిరిగి వస్తారు. బ్లూర్ వీధి దాటి స్పడైనా రోడ్డులో నాలుగడుగులు వేస్తే 16వ నెంబరు భవనం వస్తుంది. పేరు నేటివ్ కెనడియన్ సెంటరు. స్వస్థలాలు వదిలి నగరం చేరిన ఆదివాసులకోసం 1962లో వెలసింది. ‘ఒకిచితావ్’ అనే క్రీ యుద్ధవిద్య వేళ్ళూనుకున్నది ఇక్కడే.

నిజానికి మైదానపు క్రీలది ఈ సీమ కాదు. వారి గడ్డిభూములు ఎక్కడో పడమట, సస్కాచువాన్, ఆల్బర్టాల వైపు ఉన్నాయి. రైలెక్కితే రెండు రాత్రుల పైమాటే. ఈ విద్యను ఒక పద్ధతిలో కూర్చినవాడు జార్జి లెపీన్ అనే క్రీ. చిన్ననాడే తనవాళ్ళ కుస్తీ, చేగొడ్డలి విసరడం నేర్చాడు. ఆపైన జూడో, టైక్వాండో, హాప్కిడో సాధించాడు. ఇందులో ముఖ్యమైన ఆయుధం తుపాకి మడమలా వంగిన దుడ్డుకర్ర.

“అయితే ఇది ప్రాచీనమేనా, కొత్త కల్పనా?” అని అడిగేవారుంటారు. తాళపత్రాల మధ్య బ్రతికే నావంటివాడికి ఆ ప్రశ్న సహజమే. కాని, 1895లో వారి సూర్యనృత్యంలోని ముఖ్య క్రతువులను చట్టం నిషేధించింది. 1951 దాకా ఆ నిషేధం తొలగలేదు. బడులలో పిల్లలు క్రీ మాట్లాడితే దండించారు. గ్రంథాన్ని తగలబెట్టి, మూలప్రతి చూపించమంటే ఎక్కడినుంచి తెస్తారు? మిగిలిన పుటలను కొత్త దారంతో కుట్టుకోవలసిందే.

ఆ మాటకు యోధుడనే అర్థం చెప్పి ఊరుకుంటే చాలదు. వెనుకటి రోజులలో గుడారాలకు కాపలా, బైసన్ వేటలో క్రమశిక్షణ, పేదల పోషణ—అన్నీ ఆ యోధుల బాధ్యతలే. అందరికన్నా ముందు మందమీద పడినవాడి గుడారం చించి, సామాను ధ్వంసం చేసేవారు. వాడు కక్ష పెట్టుకోక శిక్షకు తలవంచితే, ఆ యోధులే తమ సొత్తునుంచి మళ్ళీ సమకూర్చేవారు! ఈ రెండో పనికే, నా దృష్టిలో, ఎక్కువ సాధన కావాలి.

1885 మే 2న కట్ నైఫ్ గుట్టవద్ద మూడు వందల పైచిలుకు కెనడా సైనికులు క్రీల విడిదిమీద పడ్డారు. గంటల తరబడి పోరాడి, చివరికి వెనుదిరిగారు. వెంటాడి తెగనరకడానికి యోధులు ఉరికారు. నాయకుడు పౌండ్‌మేకర్ వద్దన్నాడు. వారు ఆగిపోయారు. ఎన్ని ప్రాణాలు దక్కాయో! అయినా ప్రభుత్వం అతనిమీద రాజద్రోహం మోపి మూడేళ్ళు శిక్ష వేసింది. చెరలో ఆరోగ్యం చెడి, ఏడాది తిరక్కముందే విడుదలై, 1886లో పెంపుడు తండ్రిని చూడబోయి అక్కడే కన్నుమూశాడు.

2019లో కెనడా ప్రధాని ఆ తెగ భూములకే వచ్చి, పౌండ్‌మేకర్ నిర్దోషి అని ప్రకటించి, క్షమాపణ చెప్పుకున్నాడు. అతని అస్థికలు మాత్రం అంతకు చాలా ముందే, 1967లో, ఆల్బర్టానుంచి ఆ గుట్టమీదికి చేరుకున్నాయి.