పురుగుమందు డబ్బా చదువుతాం, మాత్రల షీటు చదవం

ఈసారి కంద విత్తనం గురించి రాస్తానని చెప్పాను, అది తర్వాత రాస్తా. ఇవాళ మందుల గురించి. పురుగుమందులు కాదు, మనం మింగే మందులు. కొంచెం పెద్దగానే ఉంటది, తీరిగ్గా చదవండి.

అరటాకు మీద మచ్చలు కనపడ్డాయి అనుకోండి. సిగటోక అని చూడగానే చెప్తాం. మందుల కొట్టుకి పోతే కొట్టాయన "టిల్ట్ అయిపోయింది, వేరే కంపెనీది ఉంది పట్టుకెళ్ళు" అంటాడు. మనం డబ్బా తిప్పి చూస్తాం. ప్రొపికొనజోల్ 25 ఇసి అని ఉందా, సరే అదే సరుకు అని డబ్బులిస్తాం. పైన పేరు ఏదైతే ఏంది, టెక్నికల్ ముఖ్యం. పెసర్లంక పోయినా దోనేపూడి పోయినా ఈ సంగతి తెలియని రైతు ఉండడు. ఒకే టెక్నికల్ ఉన్న రెండు డబ్బాలు కొని, రెండూ వేరు వేరు మందులనుకుని ఒకే ట్యాంకులో పోసేవాణ్ణి చూస్తే నవ్వుకుంటాం.

మా ఇంట్లో రెండు నెలల పాటు దాదాపు అదే పని జరిగింది. ట్యాంకులో కాదు, మా నాన్న కడుపులో.

నాన్నకి అరవై ఎనిమిది. బీపీ మాత్ర పదేళ్ళ నుంచీ వాడుతున్నాడు. నిరుడు పసుపు తవ్వకాలప్పుడు మోకాళ్ళ నొప్పులు బాగా ముదిరాయి. కూలీలు దొరక్క తనే చేలోకి దిగాడు. ఊళ్ళో వైద్యం చూసే ఆయన దగ్గరికి పోతే పూటకొకటి చొప్పున మాత్రలిచ్చాడు. హాయిగా ఉంది. పది రోజుల తర్వాత నేను పట్నంలో ఎముకల డాక్టరుకి చూపించా. ఆయన వేరే మాత్రలు రాశాడు. అంతకుముందు ఏం వాడుతున్నారని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. బీపీ మాత్ర సంగతి కూడా ఎత్తలేదు. మోకాళ్ళకీ బీపీకీ ఏం సంబంధం అనుకున్నాం. ఇది మా తప్పే, ఎవరి మీదా వెయ్యను.

ఒక షీటు పసుపు రంగు, ఒకటి తెలుపు. రంగులు వేరు, పేర్లు వేరు, కంపెనీలు వేరు. మందులూ వేరే అనుకుని నాన్న రెండూ వేసుకున్నాడు. పసుపు ఉడకబెట్టేటప్పుడు పొద్దంతా కళ్ళంలోనే. ఆ సెగ దగ్గర నీళ్ళు కూడా సరిగ్గా తాగడు, మాటిమాటికీ లేవాల్సొస్తదని. ముందు పాదాలు ఉబ్బాయి. తర్వాత అన్నం సయించలేదు. ఆ తర్వాత ఒంటికి పోవడం తగ్గింది. ఈ మూడో మాట నాతో చెప్పడానికి మొహమాటపడి నాలుగు రోజులు లోపలే పెట్టుకున్నాడు.

తెనాలి తీసుకెళ్తే రక్తంలో క్రియాటినిన్ 2.9 అని వచ్చింది. మామూలుగా అయితే మగవాళ్ళకి 1.3 లోపు ఉండాలంట. కిడ్నీ డాక్టరు గారు వేరే ఏమీ అడగలేదు, "ఇంట్లో ఉన్న షీట్లన్నీ తెప్పించండి" అన్నారు. మా తమ్ముడు కవర్లో వేసుకొచ్చాడు. ఆయన మూడు షీట్లు టేబుల్ మీద వరసగా పెట్టి, వెనకున్న చిన్న అక్షరాలు నా చేతే చదివించారు. ఒకటి డైక్లోఫెనాక్ 50. రెండోది ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. మూడోది బీపీది, టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5.

"మొదటి రెండూ ఒకే జాతి" అన్నారాయన. అప్పుడు నాకు ప్రొపికొనజోల్ గుర్తొచ్చి సిగ్గేసింది.

కిడ్నీకి ఏమైందో ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు మన కాలువ భాషలో చెప్తా. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న చిన్న మళ్ళు లక్షల్లో ఉంటాయి. ఒక్కోదానికి రక్తం వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. మడిలో మట్టం నిలబడితేనే వడకట్టడం జరుగుద్ది. ఈ జాతి నొప్పి మాత్రలు వచ్చే తూముని బిగిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటివి పోయే తూముని వదులు చేస్తాయి. బీపీకి అది మంచిదే, కిడ్నీకి కూడా మంచిదే, విడిగా ఉన్నంతవరకు. ఇంక ఆ హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపుద్ది, అంటే కాలువలోనే నీళ్ళు తగ్గుతాయి. పైన ఎండ, చెమట, నీళ్ళు తాగకపోవడం. పై తూము మూసి, కింద తూము తీసి, కాలువకి నీళ్ళు కట్టేస్తే మడిలో మట్టం ఎక్కడ నిలుస్తది?

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. డయాలసిస్ దాకా పోలేదు. క్రియాటినిన్ దిగుతూ దిగుతూ 1.5 దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కిందికి రాలేదు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మన చిన్నప్పుడు గొడ్డు చస్తే రాబందులు వాలేవి. ఇప్పుడు ఎక్కడన్నా చూశారా? పశువుల నొప్పులకీ జ్వరాలకీ వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల మాంసంలో మిగిలి, తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయాయి. అందుకే 2006లో పశువులకి ఆ మందు ఆపారు. మనుషుల కోసం చేసే పెద్ద సీసాలు గొడ్లకి వాడుతున్నారని 2015లో 3 మిల్లీలీటర్లకి మించిన ఇంజెక్షన్ సీసా కూడా తీసేశారు. 2023లో పశువులకి ఎసిక్లోఫెనాక్ కూడా నిషేధించారు, అది గొడ్డు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది కాబట్టి. మనిషి రాబందు కాదు, డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. కానీ ఏ రెండింటిని గొడ్లకి వద్దన్నారో ఆ రెండే మా నాన్న మంచం పక్కన ఉన్నాయి.

ఇప్పుడు షీటు ఎలా చదవాలో చూడండి. పైన పెద్దక్షరాలతో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాన్ని వదిలెయ్యండి. వెనకాల "ఈచ్ టాబ్లెట్ కంటైన్స్" అని ఉంటది. దాని కింద ఉన్నదే మన టెక్నికల్, పక్కన మిల్లీగ్రాములు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, సెల్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. ఇంగ్లీషు రాకపోతే పిల్లల చేత చదివించండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువ అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ కూడా తప్పనిసరి చేశారు.

నాన్న మాత్రల జాతిలో ఇంకా ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్, ఎటోరికాక్సిబ్ ఉన్నాయి. వీటిలో ఏ రెండూ ఒకే రోజు కడుపులో పడకూడదు. నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికొచ్చి మాత్ర వేసుకున్నా రెండు కిందే లెక్క. బీపీ, షుగరు, గుండె, కిడ్నీ వీటిలో ఏదున్నా డాక్టరుకి ముందే చెప్పండి. అలాగని ఇది చదివి బీపీ మాత్ర మానెయ్యకండి, అది ఇంకా ప్రమాదం.

పారాసిటమాల్ ఆ జాతి కాదు, దానికి లివర్ లెక్క ఉంది. డోలో 650 అంటే పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు. కాల్‌పాల్ అన్నా అదే సరుకు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తో పాటు 325 ఉంది. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో ఉంటది. జ్వరానికొకటి, ఒళ్ళు నొప్పులకొకటి, జలుబుకొకటి అని వేసుకుంటే మూడు రకాలుగా ఒకటే మందు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కూడా రోజు మొత్తం మీద 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. మద్యం అలవాటున్నవాళ్ళకీ లివర్ బాగోలేనివాళ్ళకీ ఇంకా తక్కువ, ఎంతన్నది డాక్టరునే అడగాలి.

షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఎర్ర గీత ఉన్నవి మనం బజ్జీల్లాగా నాలుగివ్వు, ఆరివ్వు అని కొంటున్నాం. కొట్టాయన కత్తెరతో కత్తిరించి ఇస్తాడు, పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద. కత్తిరించినా పరవాలేదు, పూర్తి షీటుకి ఫోటో తీసుకునే కదలండి.

అన్నిటికన్నా నాకు భయం పొట్లం మాత్రలంటే. షీటు ఉండదు, పేరు ఉండదు, కాగితంలో మూడు రంగుల బిళ్ళలు. వేసుకుంటే రెండో రోజుకి మోకాలు లేచి ఉరుకుద్ది, ఆకలి దంచేస్తది, మొహం నిండుగా అవుతుంది. చాలాసార్లు అది స్టెరాయిడ్, డెక్సామెథసోనో బీటామెథసోనో. దాన్ని డాక్టర్లు వాడతారు, ప్రాణాలు కూడా కాపాడతది. పేరు తెలియకుండా నెలల తరబడి మింగితే మాత్రం షుగరు పెరుగుద్ది, ఎముకలు గుల్లబారతాయి. ఒక్కసారిగా ఆపినా మనిషి కూలబడిపోతాడు, ఎందుకంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే ఆగిపోయి ఉంటది. ఇప్పుడు ఎవరన్నా అలాంటివి వాడుతుంటే ఈ పోస్టు చూసి టక్కున మానకండి, పొట్లం పట్టుకుని పెద్దాసుపత్రికి పోండి.

ఉద్దానం పేరు వింటే మనం ఎక్కడో శ్రీకాకుళం గొడవలే అనుకుంటాం. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, నొప్పి మాత్రల వల్లేనని నేను చెప్పను. కానీ అక్కడి వాళ్ళూ మనలాగే ఎండలో పనిచేసే మనుషులే. క్రియాటినిన్ పరీక్ష వందల్లో అయిపోద్ది, ఒక పురుగుమందు డబ్బా ఖరీదు కాదు. బీపీ ఉండి నొప్పి మాత్రలు వాడినవాళ్ళు ఒకసారి చేయించుకోండి.

నాన్న ఇప్పుడు మోకాళ్ళకి డాక్టరు గారు చెప్పిన లెక్కలో పారాసిటమాల్ మాత్రమే వాడుతున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు. కరకట్ట ఎక్కేటప్పుడు ఆగి ఆగి ఎక్కుతాడు. "ఆ పసుపు షీటు ఒక్కటి ఇవ్వరా" అని అప్పుడప్పుడు అడుగుతాడు, పసుపు రేటు పడిపోయినప్పుడు మరీనూ. ఇవ్వలేదు. వచ్చే నెల మళ్ళీ పరీక్ష ఉంది, సరిగ్గా దుగ్గిరాల యార్డుకి సరుకు వెయ్యాల్సిన వారంలో పడింది. ముందు తెనాలి పోయొస్తాం, సరుకు తర్వాత వేస్తాం.